బిరేకు ఇడిసిపెట్టె

ప్రభుత్వం మాకు పెట్టిన పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. ఆ పేరుతో నన్ను ఒక్కరైనా పిలిచిన పాపాన పోలేదు. నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. "బిరేకు సారొచ్చిండు" అన్న మాట వినపడితే చాలు, బస్టాండు దగ్గర నిలబడ్డ లారీల్లో సగం మాయమయ్యేవి. మొదట్లో నాకు కోపం వచ్చేది. బండికి స్టీరింగు లేదా, లైట్లు లేవా, మేము చూసేది ఒక్క బ్రేకేనా అనుకునేవాణ్ణి. పోను పోను తెలిసొచ్చింది, జనం సరైన పేరే పెట్టారని. బండి కదలకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆగకపోతేనే కొంపలు మునుగుతాయి.

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టగానే గడియారం చూసుకుంటారు. వాళ్లకు కావలసింది ఎవరు ఏ పోస్టు నుంచి ఏ పోస్టుకు పోయారన్నది, ఏ ఊళ్లో పని తక్కువన్నది. ఆ సంగతులు నాకు గుర్తు లేవు. గుర్తున్నా చెప్పను. నాకు గుర్తున్నవి బండ్లు, వాటిని నడిపినవాళ్లు, నా మీద పెత్తనం చేసిన ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. ఎనభై దాటాక ఓపిక తగ్గింది కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను. ఇష్టమున్నవాళ్లు చదువుకోండి.

ఖాన్ సాబ్

నా మొదటి పై అధికారి నిజాం కాలం నుంచీ పనిచేస్తున్న ముసలాయన. ఖాన్ సాబ్ అనేవాళ్లం. తెలుగు అర్థమవుతుంది గానీ ఉర్దూలోనే తిట్టేవాడు. చేరిన మొదటి రోజు నేను తెల్లటి ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, చేతిలో పెన్ను పట్టుకుని ఒక బస్సు చుట్టూ ప్రదక్షిణం చేసి, "అంతా బాగుంది సాబ్" అన్నాను.

"కింద?" అన్నాడాయన.

కింద బురద. నా ప్యాంటు వంక చూసుకున్నాను.

"బట్టలు చాకలోడు చూసుకుంటడు. బండి నువ్వు చూడు" అని నా భుజం మీద చెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కాడు. ఆ రోజు బస్సు కింద బురదలో పడుకున్నవాణ్ణి, ఉద్యోగం అయిపోయేదాకా పడుకుంటూనే ఉన్నాను. మా ఇంటావిడ మాత్రం ఖాన్ సాబ్‌ను ఎన్నడూ క్షమించలేదు.

బండి కింద పడుకోని ఇన్‌స్పెక్టరుకు జీతం ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇప్పుడు యంత్రాలు వచ్చాయంటున్నారు, రానివ్వండి. యంత్రం చూసినా సరే, ఒకసారి మీరూ వంగి చూడండి.

అరువు టైర్లు

బండ్ల యజమానుల హక్కుల గురించి చెప్పబోతున్నాను కాబట్టి ముందు యజమానుల వేషాలు కూడా చెప్పాలి. లేకపోతే నేనేదో వాళ్ల వకీలుననుకుంటారు.

లారీలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉండేది, ఇప్పటికీ ఉంది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని మేము సంతకం పెట్టాలి. నల్లగొండలో ఒక పరీక్ష రోజున పొద్దున ఒక లారీ వచ్చింది, టైర్లు నిగనిగలాడుతున్నాయి. మధ్యాహ్నం ఇంకో లారీ వచ్చింది, దాని టైర్లూ నిగనిగలాడుతున్నాయి. నాకెందుకో అనుమానం వచ్చి, ఎవరూ చూడకుండా ఒక టైరు లోపలి వైపు సుద్దముక్కతో గీత గీశాను. సాయంత్రం మూడో లారీ వచ్చింది. అదే గీత!

"ఏందయ్యా ఇది?" అన్నాను.

"ఏం జేతుము సారూ, చుట్టాలం. ఒకరికొకరం సాయం జేసుకోవద్దా?" అన్నాడు యజమాని, ఏమాత్రం సిగ్గుపడకుండా.

నవ్వు ఆపుకోలేకపోయాను గానీ మూడు లారీలనూ ఆపేశాను. బండి అమ్మినవాడు మోసం చేస్తే యజమాని గోల చేస్తాడు. యజమానే మోసం చేస్తే రోడ్డు మీద నడిచేవాడు ఎవరికి చెప్పుకోవాలి? ఈ రెండో సంగతి మరిచిపోయి మొదటిది మాట్లాడేవాళ్లంటే నాకు గిట్టదు.

దొరికిందే భాగ్యం

ఇక అసలు సంగతి. ఈ మధ్య పేపర్లో చూస్తున్నాను, కారులో ఏదో లోపముంటే కంపెనీవాళ్లే అమ్మిన బండ్లన్నింటినీ వెనక్కి పిలిచి బాగుచేసి ఇస్తున్నారట. చదివినప్పుడల్లా నా ప్రాణం లేచొస్తుంది. మా కాలంలో అలాంటి మాట చెబితే షోరూమువాళ్లు కాఫీ తాగించి పంపేవాళ్లు.

అప్పుడు కారు కొనడమంటే మాటలు కాదు. ముందు డబ్బు కట్టి, ఏళ్ల తరబడి వరుసలో నిలబడాలి. ఆ వరుస చివరికి వచ్చి కారు చేతికందినవాడు దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి ఇంటికి తెచ్చుకునేవాడు. తలుపు సరిగా పడకపోయినా, ఇంజను పొగ కక్కినా నోరెత్తేవాడు కాదు. అడిగితే షోరూములో ఒకటే జవాబు: "నచ్చకపోతే చెప్పండి, వెనకున్నవాళ్లకు ఇచ్చేస్తాం." కొన్నవాడికి హక్కు ఉంటుందని కొన్నవాడికే తెలియదు. అన్నిటికీ రెండే కారణాలు. ఒకటి దిష్టి, రెండు డ్రైవరు.

దిష్టి మీద కేసు పెట్టలేం కాబట్టి ఎప్పుడూ డ్రైవరే దొరికేవాడు.

కట్టంగూరు దగ్గర

రాష్ట్రాలు కలిసిన తర్వాత కొన్నేళ్లకు, సాగర్ డ్యాము పని ముమ్మరంగా నడుస్తున్న రోజుల్లో నల్లగొండలో టాక్సీలు పెరిగాయి. రజాక్ సాబ్ అనే ఆయన అంతకుముందు జట్కాలు నడిపించేవాడు. జట్కాలమ్మి, కొత్త మోడలు కారు ఒకటి కొని టాక్సీ పెట్టాడు. దానికి డ్రైవరు దావీదు. పాతికేళ్లు కూడా లేవేమో. తక్కువ మాట్లాడేవాడు, బండిని ముద్దుగా చూసుకునేవాడు. వాళ్ల నాయిన ఒక దొర దగ్గర జీతగాడు. మా దిక్కు జీతగాడంటే నెల నెలా జీతం తీసుకునేవాడనుకునేరు. ఏడాదంతా దొర పొలంలో, దొర కొట్టంలో పడి ఉండాల్సినవాడు. దావీదు ఆ ఇంట్లో పుట్టి, మిస్త్రీ షెడ్డులో చేరి, బండి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ లైసెన్సు పరీక్ష పెట్టింది నేనే. పానగల్లు రోడ్డు మీద బండి నడిపించి చూశాను. చెయ్యి బాగా కుదిరినవాడు.

ఒక రోజు దావీదు నకిరేకల్ నుంచి ఇద్దరు వ్యాపారులను ఎక్కించుకుని వస్తుంటే, కట్టంగూరు దాటగానే గొర్రెల మంద రోడ్డెక్కింది. బండి ఆగలేదు. కొన్ని గొర్రెలు చచ్చిపోయాయి. మందను కాస్తున్న మల్లయ్య అనే పెద్దాయనకు బండి తగిలి కాలు విరిగింది. దావీదు బండిని పక్కనున్న కంపలోకి తిప్పేశాడు కాబట్టి అంతటితో పోయింది. వ్యాపారులకు గీతలు పడ్డాయి, అంతే. పోలీసులు వచ్చి దావీదును పట్టుకుపోయారు.

నేను ఆ వారం పాలమూరులో ఉన్నాను. నెలకొకసారి అక్కడికి పోయి బండ్లు చూసి రావడం నా పని. తిరిగొచ్చి టాక్సీని చూసేసరికి బ్రేకు భేషుగ్గా ఉంది! తొక్కితే రాయిలాగా నిలబడింది. ఇన్‌స్పెక్టరు తన కళ్లతో చూసింది రాయాలి. బ్రేకు బాగుందని రాస్తే దావీదు తొక్కలేదని అర్థం. జైలు తప్పదు, లైసెన్సు దక్కదు. మళ్లీ దొర కొట్టమే గతి.

అలవాటు కొద్దీ కింద పడుకున్నాను. బండి కిందంతా దుమ్ము, పల్లేరుకాయలు. ఎడమ పక్క ముందు చక్రం దగ్గర మాత్రం ఒక రబ్బరు గొట్టం కొత్తగా నల్లగా మెరుస్తోంది. బ్రేకు నూనె చక్రానికి చేరేది ఆ గొట్టంలోంచే. చక్రం లోపలి వైపు నూనె చిమ్మి ఎండిపోయిన మరకలున్నాయి.

"ఈ గొట్టం ఎవరు మార్చిండ్రు సాబ్?" అన్నాను రజాక్ సాబ్‌తో.

"షోరూమోళ్లు! నేను ఫోన్ చేసిన్నో లేదో, పట్నం నుంచి మిస్త్రీని తోలిండ్రు. పొద్దుగాల్నే ఒచ్చి అన్నీ చూసి, ఒక పైసా గిన తీసుకోలే. చానా మంచోళ్లు సాబ్!"

"పాత గొట్టం ఏది?"

"అది వాళ్లే తీస్కపోయిండ్రు. ఖరాబైంది మనకెందుకు?"

పాపం, ఆయన నిజంగానే మురిసిపోతున్నాడు. నాకు అక్కడే ఒళ్లు మండింది. ఫోను చేస్తే పలకని షోరూము, పిలవగానే అంత దూరం మనిషిని పంపి, ఉచితంగా పనిచేసి, చెత్తను కూడా ఎత్తుకుపోయిందంటే అది మంచితనమా? పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మీ బండికి అడగకుండా సాయం చేసినవాడిని, ఏ సామాను పట్టుకుపోతున్నావని తప్పకుండా అడగండి. పాత సామాను మీది. మీరు కొన్నది.

రిపోర్టులో రెండు మాటలు రాశాను. బ్రేకు పనిచేస్తున్నది, గొట్టం ప్రమాదం తర్వాత మార్చినది.

ఎవరు విడిచిపెట్టినట్టు?

అప్పటికి ఖాన్ సాబ్ రిటైరైపోయాడు. ఆ స్థానంలో కోస్తా నుంచి వచ్చిన కామేశ్వరరావుగారు ఉండేవారు. చదువుకున్న మనిషి, లంచం ముట్టడు, కాకపోతే మా మాట ఆయనకు సగమే తెలిసేది. దావీదు లైసెన్సు రద్దు చేయాలా వద్దా అని విచారణ ఆయన ముందుకు వచ్చింది. రజాక్ సాబ్ జామీను ఇచ్చి తీసుకొచ్చిన దావీదు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"భయపడకు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు కామేశ్వరరావుగారు.

"గొర్లు అడ్డమొచ్చినయి సారూ. బిరేకు ఇడిసిపెట్టె."

ఆయన పెన్ను కింద పెట్టేశారు. నా వైపు తిరిగి, "ఇంకేం కావాలి నరసయ్యగారూ? స్టేషన్లోనూ ఇదే చెప్పాడట. బ్రేకు విడిచిపెట్టానని తనే ఒప్పుకుంటున్నాడు. బండిలో బ్రేకు బాగుందని మీరే రాశారు" అన్నారు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను.

"సార్, ఆయన ఒప్పుకోలేదు. బ్రేకు విడిచిపెట్టింది అంటున్నాడు."

"నేనూ అదేగా అంటున్నది! బ్రేకు విడిచిపెట్టాడు."

"విడిచిపెట్టింది ఆయన కాదు సార్. బ్రేకు!"

కామేశ్వరరావుగారు నన్ను ఎగాదిగా చూశారు. "బ్రేకుకు కాళ్లూ చేతులూ ఉన్నాయిటండీ, విడిచిపెట్టడానికి?"

"మా దిక్కు ఉంటయి సార్" అన్నాను. కోపంలో నా నోటికి మా ఊరి మాటే వచ్చింది.

తర్వాత నిదానంగా చెప్పాను. మా దగ్గర మిస్త్రీలు, డ్రైవర్లు బ్రేకు పట్టకపోతే బిరేకు ఇడిసిపెట్టె అంటారు. బ్రేకు చేతులెత్తేసిందని అర్థం. తానే కాలు తీశానని చెప్పాలంటే ఇడిసిపెట్టిన అంటాడు. 'ఇడిసిపెట్టిన' అంటే నేను, 'ఇడిసిపెట్టె' అంటే అది. చివర ఉన్న ఒక్క అక్షరంలో మనిషి జైలుకు పోతాడు, బయటికి వస్తాడు.

ఆయన దావీదునే మళ్లీ అడిగారు. "నువ్వు తొక్కావా, లేదా?"

"తొక్కిన సారూ! నిలవడి తొక్కిన. కాలు కిందికి పోయింది గని బండి ఆగలే."

ఆ స్టేషన్లో రాసుకున్న రైటరు కూడా కృష్ణ దాటి కొత్తగా వచ్చినవాడే. ఆ రోజుల్లో ఇలాంటి తిప్పలు చాలా పడ్డాం. అటువాళ్లు మమ్మల్ని మోటువాళ్లనుకోవడం, మేము వాళ్లను టెక్కు మనుషులనుకోవడం మామూలే. కామేశ్వరరావుగారి గొప్పతనం ఏమిటంటే, తన చెవిని తానే అనుమానించారు. అధికారుల్లో ఆ గుణం నేను మళ్లీ పెద్దగా చూడలేదు.

"మాట సరే. మాటతో కేసు నిలబడదు. గొట్టం తెగిందని మీరంటారు, ఆ గొట్టం లేదు. నూనె మరక చూపిస్తే, మా మిస్త్రీ పోస్తుంటే ఒలికిందని షోరూమువాళ్లంటారు. ఇంకో బండిలో ఇదే లోపం చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు.

పాలమూరు స్టేషను ముందర

ఆ మోడలు కార్లు అప్పటికి మా రెండు జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. నల్లగొండలో కనిపించిన ఒకటి రెండింటినీ బతిమాలి చూశాను. గొట్టం మీద కొద్దిగా గీరినట్టుంది, అంతే. అంత మాత్రానికి ఎవరూ ఒప్పుకోరు. దావీదు కేసు తేదీ దగ్గర పడుతోంది. నాకు అన్నం సయించేది కాదు.

మళ్లీ పాలమూరు పోయినప్పుడు రైల్వే స్టేషను ముందర అదే మోడలు టాక్సీ కనిపించింది. డ్రైవరు తలుపు తీసి పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. లేపాను.

"స్టీరింగు కుడి దిక్కు మొత్తం తిప్పు. ఇంక తిరగదు అనేదాకా."

"ఏమైంది సారూ? కాయితాలన్నీ ఉన్నయి."

"కాయితాలు కాదయ్యా, చక్రం తిప్పు!"

తిప్పాడు. కింద దూరి చూశాను. చక్రం పూర్తిగా తిరిగినప్పుడు టైరు అంచు వచ్చి రబ్బరు గొట్టానికి రాసుకుంటోంది! గొట్టాన్ని పట్టే కొక్కీని కంపెనీలోనే ఒక పక్కకు వంచి బిగించారు. చెయ్యి పెట్టి తడిమాను. రబ్బరు అరిగిపోయి లోపలి దారాలు వేలికి తగిలాయి. ఇరుకు టాక్సీ స్టాండులో రోజూ స్టీరింగు చివరిదాకా తిప్పేవాళ్లకు ముందు అరుగుతుంది. తెల్లారి లేస్తే నాలుగు వీధులు తిరిగే డాక్టరు కారుకు తర్వాత అరుగుతుంది. కానీ అరగడం ఖాయం.

కింద నుంచి బయటికి రాలేకపోయాను. అక్కడే మట్టిలో పడుకుని దండం పెట్టుకున్నాను. దావీదు మాట నిజమైంది, అదొకటి. ఈ బండి ఎవరినీ చంపకముందే దొరికింది, అదొకటి.

"సారూ, పాణం బాగలేదా? దవాఖానకు తీస్కపోవాల్నా?" అని డ్రైవరు వంగి అడుగుతున్నాడు.

"ఈ బండిల మాత్రం వద్దు" అన్నాను.

ఈసారి తెలివిగా ఉన్నాను. స్టేషను మాస్టరును, ఇంకో పెద్దమనిషిని సాక్షులుగా పిలిచి, వాళ్ల ముందే గొట్టం విప్పించి బట్టలో చుట్టించాను. ఆ సాయంత్రమే ఇంకొకటి తెలిసింది. ఆ ఊళ్లోని ఒక పెద్ద దొర కారు కూడా అదే మోడలు. దాని కింద చూస్తే గొట్టం కొత్తది, కొక్కీ నిటారుగా ఉంది.

"ఎన్నడో షోరూమోళ్లే ఇంటికొచ్చి మార్చిపోయిండ్రు" అన్నాడు దొర డ్రైవరు.

అంటే తెలుసన్నమాట! లోపమున్నదని షోరూముకు తెలుసు. పెద్దవాళ్ల ఇళ్లకెళ్లి గుట్టుగా మార్చారు. మిగిలినవాళ్ల బండి ఎక్కడో ఒకచోట గుద్దుకునేదాకా ఊరుకున్నారు. నా ఉద్యోగంలో నాకు అంత కోపం మరెప్పుడూ రాలేదు.

చాటింపు

కామేశ్వరరావుగారు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. "టాక్సీలకు ఫిట్‌నెస్ ఆపేద్దాం. ఈ మోడలు ఏది వచ్చినా గొట్టం, కొక్కీ మార్చనిదే సంతకం పెట్టొద్దు. మరి సొంత కార్లు? వాటి మీద మనకు అధికారం లేదు కదా" అన్నారు.

"అధికారం లేకున్నా నోరున్నది కద సార్. అంగడి రోజు చాటింపు వేయిద్దాం."

"దండోరానా! కార్లకా?" అని ఆయన పకపకా నవ్వారు. నవ్వి, సరేనన్నారు.

ఈ కబురు ఎలా చేరిందో గానీ, మర్నాడే షోరూము మేనేజరు పట్నం నుంచి వచ్చి వాలాడు. చల్లగా మాట్లాడే మనిషి. "డప్పు కొట్టించి మా పరువు తీయకండి. మేమే ఒక్కొక్కరికీ నిదానంగా చూసుకుంటాం" అన్నాడు. అప్పటికే రజాక్ సాబ్ వచ్చి కూర్చుని ఉన్నాడు. సంగతి తెలిసిన దగ్గరి నుంచి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిదానంగనా?" అని లేచాడు. "నేను నీ తాన కారు కొన్ననా, నీ పరువు కొన్ననా? నా పిలగాడు జైల్ల పడుతుంటే నువ్వు గొట్టం దాస్తవా? నేను నీకు దువా జేసిన్నయ్యా, మంచోడివని!"

మేనేజరు తల వంచుకున్నాడు. ఆయన కూడా ఎవరి కిందో పనిచేసేవాడే, నాకు తెలుసు. కానీ ఆ పూట జాలి పడలేదు. అందరికీ ఉచితంగా మారుస్తామని, పాత గొట్టాలు ఎవరివి వాళ్లకే ఇస్తామని ఒప్పుకున్నాకే కుర్చీ వేయించాం.

చాటింపు మాత్రం ఆగలేదు. నల్లగొండ అంగట్లో డప్పు రాజయ్య చేసిన చాటింపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కంపెనీ పేరు చెప్పొద్దన్నాం కాబట్టి బండి మూతిని బట్టి చెప్పాడు.

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి! మూతి ముంగట మెరిసే ఎండి మీసం లెక్క పట్టీ ఉన్న కార్లోళ్లు ఇనుండ్రి! ముంగటి చక్రం కాడ గొట్టం అరిగి బిరేకు ఇడిసిపెడుతాందట! ఎంటనే బిరేకు సారు కాడికి తోల్కరాండ్రో! పైసల ఫికరు లేదు, ఊకెనే జేస్తరట!"

అంగడంతా విరగబడి నవ్వింది. ఉల్లిగడ్డలమ్మే ఒక అవ్వ, "కార్లోళ్లకు చాటింపేందిరో, బర్రె తప్పిపోయినట్టు!" అన్నది. నవ్వితే నవ్వారు, ఆ నవ్వుతోనే కబురు ఊరూరికీ పోయింది. పాలమూరులోనూ వేయించాం. డాక్టరు వచ్చాడు, బియ్యం మిల్లు సాహుకారు వచ్చాడు, నల్లగొండలో అందరికన్నా కోపిష్టి వకీలు కూడా బండి నడుపుకుంటూ వచ్చి, "నా కారుకేం రోగం లేదు" అని అరిచి, కింద చూపించాక గప్‌చుప్‌గా పక్కన నిలబడ్డాడు. ఒక్కొక్క పాత గొట్టం విప్పుతుంటే నా భుజాల మీంచి ఒక్కొక్క మూట దించినట్టు అనిపించింది. చివరి కారు పోయిన రోజు ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాను.

ఇప్పుడు పేపర్లో రాసే పెద్ద పెద్ద మాటలు మాకు అప్పుడు తెలియవు. మాకు తెలిసింది ఒకటే, లోపం ఒక బండిలో దొరికితే అలాంటి బండ్లన్నీ చూడాలి. దాన్ని చెవిలో గుసగుసగా చెబితే పెద్దవాళ్లకే వినపడుతుంది. డప్పు కొట్టి చెప్పాలి.

కోర్టు మెట్లు

దావీదు కేసులో నేను సాక్ష్యం చెప్పాను. పాలమూరు గొట్టం చూపించాను. కాలు విరిగిన మల్లయ్యను కూడా పిలిపించారు. కర్ర సాయంతో నిలబడి, "నా గొర్లు పోయినయన్న కడుపుమంట నాకుంది సర్కారూ. గని అబద్ధమెందుకు జెప్పాలె? పిలగాడు నన్ను తప్పియ్యనీకే బండిని కంపల గొట్టుకున్నడు" అన్నాడు. కోర్టులో వాదనలన్నీ ఇంగ్లీషులో నడిచాయి, దావీదుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కేసు కొట్టేశారు. దావీదు లైసెన్సు దావీదుకు ఇచ్చెయ్యమన్నారు. మల్లయ్యకు షోరూమువాళ్ల చేత నష్టపరిహారం ఇప్పించే పని వకీలు అందుకున్నాడు, అదే మన కోపిష్టి వకీలు.

రజాక్ సాబ్ దావీదును వాటేసుకుని ఏడ్చినంత పనిచేశాడు. మిఠాయి తెస్తానని బజారుకు పరుగెత్తాడు. దావీదు మాత్రం నవ్వలేదు. కోర్టు మెట్ల మీద ఒక పక్కన నిలబడి, నేను వచ్చేదాకా ఆగాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత. కోర్టు అయిపోయింది. గిది నాకోసం. నిజం జెప్పున్రి."

"అడుగు తమ్మీ."

"నేను తొక్కిన్నా?"

"అదేంది? తొక్కిన అని నువ్వే చెప్తివి గద?"

"చెప్పిన. గని స్టేషన్ల తొక్కలే, తొక్కలే అనిరి. షోరూమోళ్లు తొక్కలే అనిరి. మా నాయిన సుత, యాది మరిచి కాలు తీసినవేమో కొడుకా అనె. గిన్ని నెలలు గట్ల ఇంటుంటే నాకే ఎర్కలేకుంట అయింది. గొర్లు కనవడతయి సారూ, ఆ తాత కనవడతడు. నా కాలే కనవడదు."

అన్ని నెలలు ఆ కుర్రాడు జైలుకు భయపడుతున్నాడనుకున్నాను నేను. అతను భయపడింది దీనికి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

అతన్ని కూర్చోబెట్టి మా మాటలోనే చెప్పాను. "ఇను తమ్మీ. గొట్టం అరిగినా, తొక్కకుంటే నూనె లోపల్నే ఉంటది. తొక్కినంక జోరుకు గొట్టం పలిగి నూనె బయటికి చిమ్ముతది. నీ బండి చక్రం లోపలంత నూనె చిమ్మిన మరకలున్నయి. పైన్నుంచి పోస్తే కిందికి కారుతది, గట్ల చుట్టూ చిమ్మది. నా కండ్లార చూసిన. అది నీ కాలు జేసిన పని. నువ్వు తొక్కినవ్. గట్టిగ తొక్కినవ్."

"తొక్కిన్నా?"

"తొక్కినవ్."

దావీదు మోకాళ్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్లు చూస్తున్నారు, శిక్ష పడిందనుకున్నారేమో. నేను పక్కనే కూర్చున్నాను. కాసేపటికి తల ఎత్తి, కుడికాలు చెప్పు తీసి, పాదాన్ని అరచేత్తో అటూ ఇటూ తుడుచుకున్నాడు. మళ్లీ చెప్పు తొడుక్కుని లేచాడు.

"పోదాం పాండ్రి సారూ" అన్నాడు. "బండి నేను నడుపుత."